1947 పాలస్తీనా: రెండు దేశాలా, ఒకే ఫెడరల్ దేశమా?
పాలస్తీనాను ఏం చేయాలో తేల్చమని 1947లో ఐక్యరాజ్యసమితి 11 దేశాల కమిటీ వేస్తే, 7 దేశాలు యూదులకొకటి, అరబ్బులకొకటి చొప్పున రెండు దేశాలుగా విభజనే మేలన్నాయి, మన భారత్, ఇరాన్, యుగోస్లావియా మాత్రం జెరూసలేం రాజధానిగా ఒకే ఫెడరల్ దేశం (యూదు, అరబ్ రాష్ట్రాలు కలిసి) ఉండాలన్నాయి. చివరికి ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో 33–13 ఓట్లతో విభజనే నెగ్గింది.

కానీ ఆ మ్యాప్ ఒకసారి చూడండి: ఒక్కో దేశం మూడేసి ముక్కలు, అవి మూలల దగ్గర మాత్రమే కలుస్తాయి, అరబ్బుల జాఫా పట్టణమైతే టెల్ అవీవ్ పక్కన ఒంటరి ద్వీపంలా మిగిలింది. జనాభాలో మూడో వంతున్న యూదులకు సగానికి పైగా భూమి (అందులో చాలావరకు నెగెవ్ ఎడారే లెండి), ఆ వాటాలోనే దాదాపు 4 లక్షల మంది అరబ్బులు!

ఫెడరల్ ప్లాన్‌లో ఈ గీతల తలనొప్పి తక్కువే. అయితే అది యూదుల వలసలకు పరిమితి పెట్టింది, దానికి వాళ్ల నాయకులు ఒప్పుకునే ప్రశ్నే లేదు. అరబ్ నాయకత్వం రెండిటినీ తోసిపుచ్చింది. నాకైతే కాగితం మీద ఫెడరలే న్యాయంగా కనిపిస్తుంది.