ఎంఏ ఇంగ్లీష్ తర్వాత: జేఆర్‌ఎఫ్ ఆ, చీవ్నింగ్ ఆ?

ఎంఏ ఇంగ్లీష్ అయ్యాక డబ్బులెలా అన్నయ్యా అని మా తమ్ముడు అడిగితే రెండే చెప్పా. జేఆర్‌ఎఫ్ (పీహెచ్‌డీ చేసేవాళ్లకి నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) కావాలంటే యూజీసీ నెట్ అనే పరీక్ష రాయాలి, మూడు గంటల్లో 150 బిట్లు, నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఏదీ ఖాళీగా వదలక్కర్లేదు, పీజీలో 55 శాతం ఉండాలి (రిజర్వేషన్ ఉంటే 50), కొట్టాడంటే పీహెచ్‌డీలో మొదటి రెండేళ్లు నెలకి 37,000, హెచ్‌ఆర్‌ఏ (ఇంటద్దె డబ్బు) వేరే. జనరల్ మగవాళ్లకి మాత్రం వయసు 30 దాటకూడదు.

చీవ్నింగ్ కథ వేరు. అది బ్రిటన్ గవర్నమెంట్ ఇచ్చే స్కాలర్‌షిప్, అక్కడ ఏడాది మాస్టర్స్‌కి ఫీజు, ఫ్లైట్, తిండి ఖర్చు అన్నీ వాళ్లవే, వయసు గొడవే లేదు, కానీ 2,800 గంటల పని అనుభవం ఉండాలి, చదువయ్యాక తిరిగొచ్చి రెండేళ్లు ఇండియాలోనే ఉండాలి.

మా వాడికి ఉద్యోగమే లేదు కాబట్టి ఇప్పటికి జేఆర్‌ఎఫే కరెక్ట్. కాకపోతే చీవ్నింగ్ అప్లికేషన్‌లో అడిగే వ్యాసాలు ఇప్పట్నుంచే రాసుకోమన్నా. మొదటి డ్రాఫ్ట్‌లో "నేను హార్డ్ వర్కర్ని" అని రాశాడు, ఎవరు చదువుతార్రా అది, హాస్టల్లో జూనియర్లకి గ్రామర్ క్లాసులు పెట్టి మూడో వారానికే ఎందుకు ఆపేశావో అది రాయి అన్నా.