ఒంటరి ఇంటికి ఏ తోడు మేలు: కుక్క, పిల్లి, పక్షి, చేపలు

ఇంట్లో ఒక ప్రాణి తిరుగుతూ ఉంటే మనసుకు మంచిదని చాలామంది నమ్ముతారు. ఆ నమ్మకానికి ఆధారం లేకపోలేదు గాని, పెంపుడు జంతువు అనే ఒక్క మాట కింద కుక్కను, పిల్లిని, పంజరంలోని పక్షిని, గాజుతొట్టిలోని చేపలను కలిపేసి మాట్లాడితే, వీటిలో ఒకదాన్ని ఎంచుకోవలసిన మనిషికి అది ఎందుకూ కొరగాదు. ఈ నాలుగూ మన దగ్గర కోరేవి వేరు, మనకు ఇచ్చేవీ వేరు. కుక్క మనల్ని వీధిలోకి లాక్కుపోతుంది, పిల్లి పక్కన చేరి ఊరుకుంటుంది, పక్షి పలుకుతుంది, చేప కనిపిస్తుంది, అంతే. కాబట్టి ఏది మేలో తేల్చుకునే ముందు, దాన్ని తెచ్చుకోబోయే మనిషి బతుకులో వెలితి ఎక్కడుందో చూడాలని నా అభిప్రాయం.

ముందుగా ఆధారాల బలం ఎంతో తెలుసుకోవడం అవసరం. ఎరికా ఫ్రీడ్‌మన్, ఆమె సహచరులు గుండెజబ్బుతో ఆసుపత్రిలో చేరిన 92 మందిని ఏడాది పాటు గమనించి 1980లో ఫలితాలు ప్రకటించారు. జంతువులను పెంచుకునే 53 మందిలో ముగ్గురు, పెంచుకోని 39 మందిలో 11 మంది ఆ ఏడాదిలోగా మరణించారు. తేడా పెద్దదే. అయితే పరిశీలించిన మనుషులు కొద్దిమంది. పైగా ఎవరి ఇంట్లో జంతువు ఉండాలో నిర్ణయించింది పరిశోధకులు కాదు. నడిచే ఓపిక, చోటున్న ఇల్లు, చేతిలో కాస్త డబ్బు ఉన్నవారే సాధారణంగా జంతువును తెచ్చుకుంటారు గనుక, జంతువు వల్ల ఆరోగ్యం వచ్చిందో, ఆరోగ్యం ఉండబట్టి జంతువు వచ్చిందో ఇలాంటి పరిశీలనలతో విడదీసి చెప్పడం కష్టం. అమెరికాలోని ర్యాండ్ సంస్థ పరిశోధకులు కాలిఫోర్నియాలోని 5,000కు పైగా కుటుంబాల సమాచారాన్ని 2017లో విశ్లేషించినప్పుడు, కుక్కో పిల్లో ఉన్న ఇళ్లలోని పిల్లలు మొదట ఎక్కువ ఆరోగ్యంగా కనిపించారు గాని, కుటుంబ ఆదాయం, సొంత ఇల్లు వంటి విషయాలను లెక్కలోకి తీసుకోగానే ఆ తేడా నిలబడలేదు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2013లో ఇచ్చిన ప్రకటన కూడా ఇదే జాగ్రత్త పాటించింది: కుక్కను పెంచుకోవడం వల్ల గుండెకు మేలు జరిగే అవకాశం ఉందని ఒప్పుకుంటూనే, ఆ మేలు కోసమే జంతువును తెచ్చుకోవద్దని చెప్పింది. వైద్యుడు రాసిచ్చే మందుతో సమానంగా జంతువును చూసేవారు ఈ రెండో భాగాన్ని సాధారణంగా చదవరు.

జంతువు దగ్గరున్నప్పుడు శరీరంలో కలిగే మార్పు విషయంలో మాత్రం కొంత గట్టి ఆధారమే ఉంది. కరెన్ ఆలెన్ బృందం 240 దంపతుల జంటలతో జరిపి 2002లో ప్రచురించిన ప్రయోగంలో, లెక్కలు చేయించినప్పుడు, చేతిని మంచునీటిలో ముంచినప్పుడు, పక్కన తమ జంతువు ఉన్నవారి గుండె వేగం, రక్తపోటు తక్కువగా పెరిగాయి. జీవిత భాగస్వామి పక్కన ఉన్నప్పటి కన్నా జంతువు పక్కన ఉన్నప్పుడే లెక్కల్లో తప్పులు తక్కువ దొర్లాయన్నది ఇందులో నాకు ఆసక్తి కలిగించిన సంగతి. తప్పు చేస్తే చూస్తున్నది మనల్ని బేరీజు వేయదన్న ధైర్యం అందుకు కారణం కావచ్చు.

ఇక పోలికకు వస్తే, ఇవ్వడంలోనూ అడగడంలోనూ కుక్కదే మొదటి స్థానం. కుక్కను పెంచేవారు వారానికి కనీసం 150 నిమిషాల శారీరక శ్రమ అనే ప్రమాణాన్ని అందుకునే అవకాశం, పెంచనివారి కన్నా దాదాపు నాలుగు రెట్లు ఎక్కువని ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ ప్రాంతంలో చేసి 2019లో వెలువరించిన అధ్యయనం చెబుతోంది. వ్యాయామం చేస్తానని తనకు తాను ఇచ్చుకున్న మాటను మనిషి సులువుగా తప్పుతాడు. తలుపు దగ్గర నిలబడి ఎదురుచూసే కుక్కకు ఇచ్చిన మాటను తప్పడం అంత సులువు కాదు. స్వీడన్‌లో 40 నుంచి 80 ఏళ్ల మధ్య వయసున్న 34 లక్షల మంది రికార్డులను పన్నెండేళ్ల కాలానికి పరిశీలించి 2017లో ప్రకటించిన ఫలితాల్లో, ఒంటరిగా నివసించేవారిలో కుక్క ఉన్నవారికి మరణ ప్రమాదం, కుక్క లేనివారి కన్నా 33 శాతం తక్కువగా కనిపించింది. ఇది కూడా పరిశీలనే గాని ప్రయోగం కాదు. అయినా, ఇంటినిండా మనుషులున్నవారిలో కన్నా ఒంటరివారిలోనే తేడా ఎక్కువగా కనిపించడం గమనించదగ్గ విషయం.

నడక కన్నా ముఖ్యమైనది మరొకటి ఉందని నేను అనుకుంటాను. కుక్కతో నడిచే మనిషిని అపరిచితులు పలకరిస్తారు. బ్రిటన్ పరిశోధకులు జూన్ మెక్‌నికోలస్, గ్లిన్ కాలిస్ 2000లో ప్రచురించిన పరిశీలనలో, కుక్క వెంట ఉన్నప్పుడు ఎదుటివారి పలకరింపులు గణనీయంగా పెరిగాయి. కుక్కను పట్టుకున్న మనిషి చిరిగిన బట్టల్లో ఉన్నా, చక్కని బట్టల్లో ఉన్నా ఈ ప్రభావం కనిపించింది. కొత్త ఊరికి మారినవారికి, ఉద్యోగ విరమణతో రోజూ కలిసే మనుషులు ఒక్కసారిగా తగ్గిపోయినవారికి, మాట కలపడానికి ఒక సాకు కావలసిన మొహమాటస్థులకు ఇది చిన్న లాభం కాదు. వారికి కుక్క ఇచ్చే తోడులో సగం అది పరిచయం చేసే మనుషుల నుంచే వస్తుంది.

కుక్క అడిగేదీ తక్కువేమీ కాదు. అది గుంపులో బతికే జంతువు. రోజంతా తాళం వేసిన ఇంట్లో వదిలేస్తే అరుస్తుంది, వస్తువులు కొరుకుతుంది, దిగులు పడుతుంది. యజమానిని ఆందోళన నుంచి బయటపడేయడానికి వచ్చిన కుక్క తానే ఆందోళనకు కారణమయ్యే సందర్భాలు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి. వయసు పైబడినవారికి మరో ప్రమాదం ఉంది. అమెరికాలో 65 ఏళ్లు దాటినవారికి పట్టీతో కుక్కను నడిపిస్తుండగా ఎముకలు విరిగిన కేసులు 2004లో సుమారు 1,670 ఉండగా, 2017 నాటికి దాదాపు 4,400కు పెరిగాయి. మనుషులకు సోకే రేబిస్‌లో 99 శాతం వరకు కుక్కల వల్లే వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది గనుక, టీకాల విషయంలో అలసత్వానికి చోటు లేదు. పది నుంచి పదమూడేళ్ల పాటు, వానైనా జ్వరమైనా, రోజుకు రెండుసార్లు బయటికి తీసుకువెళ్లగలమా అన్న ప్రశ్నకు నిజాయతీగా జవాబు చెప్పుకోగలిగినవారికి మాత్రమే కుక్క మేలు.

ఆ ప్రశ్నకు తల అడ్డంగా ఊపేవారు చాలామంది ఉంటారు. వారికి నేను పిల్లినే సూచిస్తాను, దానిని కుక్కకు చవకైన బదులుగా భావించి మాత్రం కాదు. పిల్లికి మనిషి మీద మమకారం ఉండదన్న ప్రచారం బలంగా ఉంది. అమెరికాలోని ఆరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో జరిపి 2019లో ప్రకటించిన పరీక్షల్లో, కాసేపు ఒంటరిగా వదిలి యజమాని తిరిగి రాగానే దాదాపు 65 శాతం పిల్లులు కుదుటపడి, యజమానితో భద్రమైన అనుబంధం ఉన్నట్టు ప్రవర్తించాయి. పిల్లి తన అనుబంధాన్ని తక్కువ చప్పుడుతో చూపిస్తుంది, దాన్ని గుర్తించడం మనం నేర్చుకోవాలి. స్విట్జర్లాండ్‌లో డెనిస్ టర్నర్ బృందం 2003లో వెలువరించిన అధ్యయనం ప్రకారం పిల్లి దిగులు, చిరాకు వంటి చెడు మనోస్థితులను తగ్గిస్తుంది గాని, సంతోషం వంటి మంచి మనోస్థితులను ప్రత్యేకంగా పెంచదు. ఈ ఫలితాన్ని పిల్లికి వ్యతిరేకంగా చదవనవసరం లేదు. పనిచేసి అలసిపోయి ఇల్లు చేరి, మళ్లీ ఎవరికీ జవాబు చెప్పే శక్తి లేని మనిషికి కావలసింది ఉత్సాహం కాదు, ఊరట.

పిల్లికి నడక అక్కరలేదు, చిన్న ఇల్లు చాలు, కొన్ని గంటలు ఒంటరిగా ఉండగలదు. ఇంట్లోనే పెంచితే పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్లు బతుకుతుంది. ఇబ్బందులూ ఉన్నాయి. దాని లాలాజలంలోనూ చర్మగ్రంథుల్లోనూ ఉండే ఒక ప్రొటీన్ వల్ల అలర్జీ వచ్చేవారికి, ఎంత ఇష్టమున్నా, పిల్లి సుఖాన్నివ్వదు. కాబట్టి తెచ్చుకునే ముందు పిల్లులున్న ఇంట్లో కొన్ని గంటలు గడిపి చూడడం మంచిది. టాక్సోప్లాస్మోసిస్ అనే వ్యాధి పిల్లి మలం ద్వారా సోకవచ్చు గనుక, గర్భిణులు ఇసుక పెట్టెను శుభ్రం చేసే పనిని మరొకరికి అప్పగించాలి. అన్నిటికన్నా అసలు లోటు వేరే ఉంది: పిల్లి మనిషిని గుమ్మం దాటించదు. మనుషుల నుంచి తప్పించుకునే అలవాటు ఉన్న ఒంటరివారికి ఆ అలవాటు మరింత బలపడడానికి అది వీలు కల్పించవచ్చు.

పక్షుల దగ్గరికి వస్తే, ఒకటి చిలుకలతో, మరొకటి పురుగులతో చేసిన రెండు చిన్న పరిశోధనలు ఆలోచింపజేస్తాయి. బ్రిటన్‌లో 1975లో వెలువడిన ఒక అధ్యయనంలో ఒంటరిగా నివసించే వృద్ధులలో కొందరికి బడ్జీ చిలుకలను, కొందరికి బిగోనియా మొక్కలను ఇచ్చారు. మొక్క అందుకున్నవారిలో పెద్దగా మార్పు లేదు. చిలుక అందుకున్నవారి మనోభావాలు, ఇతరుల పట్ల వారి వైఖరి మెరుగయ్యాయి, ఇంటికి వచ్చినవారితో మాట్లాడుకోవడానికి వారికి ఒక విషయం దొరికింది. దక్షిణ కొరియాలో 2016లో ప్రచురితమైన ప్రయోగంలో 65 ఏళ్లు దాటిన 94 మందిలో సగం మందికి పెంచుకోవడానికి పంజరంలో కీచురాళ్లను ఇచ్చారు. ఎనిమిది వారాల తరువాత వారిలో కుంగుబాటు లక్షణాలు కొంత తగ్గాయి. కీచురాయి ఒళ్లో కూర్చోదు, యజమానిని గుర్తుపట్టదు. అయినా దానికి మేత వేయాలి, నీళ్లు పెట్టాలి, ఉదయం లేచి బతికి ఉందో లేదో చూడాలి. ఈ ఫలితాన్ని బట్టి చూస్తే, పెంపకం ఇచ్చే మేలులో కనీసం కొంత భాగం జంతువు చూపే ప్రేమ నుంచి కాక, మనపై ఆధారపడిన ప్రాణి ఒకటి ఉందన్న ఎరుక నుంచి వస్తున్నదని నాకు అనిపిస్తుంది. నడవలేని వృద్ధులకు బడ్జీ వంటి చిన్న పక్షి తగిన తోడు. పెద్ద చిలుకల విషయం వేరు: కొన్ని జాతులు యాభై ఏళ్లకు పైగా బతుకుతాయి, తోడు లేక విసుగు పుడితే తమ ఈకలు తామే పీక్కుంటాయి.

చేపల సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. ఇంగ్లండ్‌లోని ప్లిమత్ అక్వేరియంలో చేసి 2015లో ప్రకటించిన పరిశీలనలో పెద్ద తొట్టిని చూస్తూ నిలబడినవారి గుండె వేగం, రక్తపోటు తగ్గాయి. మనసు నెమ్మదించడానికి చేపలు పనికొస్తాయి, తోడుకు కాదు. అలర్జీ లేనిది, చప్పుడు లేనిది, అద్దె ఇంటి యజమాని అభ్యంతరం చెప్పనిది కావాలంటే ఇవే మేలు, వారం వారం నీళ్లు మార్చే ఓపిక ఉంటే.

పోలికలో సాధారణంగా చేర్చని మరో దారి ఉంది: జంతువును సొంతం చేసుకోకుండానే దానితో గడపడం. వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో 249 మంది విద్యార్థులతో జరిపి 2019లో ప్రకటించిన ప్రయోగంలో, పది నిమిషాలు కుక్కలను, పిల్లులను నిమిరినవారి లాలాజలంలో ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ తగ్గింది. అవి వారి జంతువులు కావు. జంతు ఆశ్రయాల్లో వారానికి కొన్ని గంటలు సేవ చేయడం, ఊరు వెళ్లిన స్నేహితుల కుక్కను చూసుకోవడం, శాశ్వత ఇల్లు దొరికేవరకు ఒక జంతువుకు తాత్కాలికంగా చోటివ్వడం వంటివి ఈ కోవలోకే వస్తాయి. తరచూ ప్రయాణాలు చేసేవారికి, వచ్చే రెండేళ్లలో ఎక్కడుంటారో తెలియనివారికి నేను సొంత జంతువు కన్నా దీన్నే ముందు పెడతాను.

తీవ్రమైన మానసిక అస్వస్థతతో ఉన్నవారి విషయంలో తూకం మరింత జాగ్రత్తగా వేయాలి. ఇంగ్లండ్‌లో అలాంటి 54 మందితో మాట్లాడి 2016లో వెలువరించిన అధ్యయనంలో, తమకు అండగా ఉన్నవారిని దగ్గరి నుంచి దూరం వరకు వలయాల్లో గుర్తించమని అడిగితే, జంతువును కూడా అండగా పేర్కొన్నవారిలో 60 శాతం మంది దాన్ని అన్నిటికన్నా లోపలి వలయంలో పెట్టారు. అంత దగ్గరి తోడు చనిపోయినప్పుడు కలిగే దుఃఖమూ అంతే లోతుగా ఉంటుంది. ఇలా సమాజం గుర్తించని దుఃఖాన్ని గురించి అమెరికా పరిశోధకుడు కెనెత్ డోకా 1989లోనే వివరంగా రాశారు. జంతువు పోతే సెలవు దొరకదు, పరామర్శకు ఎవరూ రారు, ఇంకొకటి తెచ్చుకోమన్న సలహా మాత్రం వెంటనే వస్తుంది. అందుచేత ఇలాంటివారు జంతువును తెచ్చుకుంటే అది చికిత్సకు తోడుగానే ఉండాలి, చికిత్సకు బదులుగా కాదు. తాము ఆసుపత్రిలో చేరవలసి వస్తే దాన్ని ఎవరు చూసుకుంటారో ముందే మాట్లాడి పెట్టుకోవాలి.

ఒంటరిగా ఉండే వృద్ధులకూ ఈ చివరి మాట వర్తిస్తుంది. వారికి కుక్కపిల్ల కన్నా, పిల్లికూన కన్నా, ఆరేడేళ్లు నిండి నెమ్మది అలవడిన పిల్లి మేలు. స్వభావం ముందే తెలిసి ఉంటుంది, కాళ్లకు అడ్డం పడి పరుగెత్తదు, యజమాని కన్నా చాలా ఏళ్లు ఎక్కువ బతుకుతుందేమోనన్న బెంగా తక్కువ. ఆశ్రయాలకు వచ్చేవారు సాధారణంగా కూనల కోసమే అడుగుతారు గనుక ఆ వయసు పిల్లులు అక్కడ మిగిలిపోతూ ఉంటాయి. తీసుకునేటప్పుడు, అవసరమైతే దాన్ని తరువాత చూసుకోవడానికి ఒప్పుకున్న మనిషి పేరు, ఫోన్ నంబరు ఆశ్రయంవారి దగ్గర రాయించి పెట్టాలి.