వన్‌టౌన్‌లో 19 ఏళ్ల కాపురం: అరుగులు పోతున్న వీధి నుంచి

బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి కూతవేటు దూరంలో, ఒక పెంకుటింటి ముందు వాటాలో 2006 నుంచి అద్దెకు ఉంటున్నాం. విశాఖలో ఇల్లు వెతుక్కునేవాళ్లు వన్‌టౌన్ పేరెత్తగానే ‘పాత ఊరు, ఇరుకు’ అని మధురవాడ దారి పడుతున్నారు. ఇరుకన్న మాట నిజమే. ఆ ఇరుకులో ఏముందో ఇన్నేళ్లు ఉన్నదాన్ని కాబట్టి చెబుతున్నాను.

స్కూటరు బయటికి తీయకుండా వారాలు గడిచిపోతాయి. కూరలకు, వెచ్చాలకు పూర్ణా మార్కెట్. పుస్తెలు చేయించాలన్నా, చెవిదుద్దు శీల ఊడినా కురుపాం మార్కెట్. హార్బరు నుంచి నెత్తళ్లు, కానాగంతలు బుట్టలో వీధిలోకే వస్తాయి. మన దగ్గర చిల్లర లేకపోతే చేపలామె ‘రేపు ఇద్దువులే అమ్మా’ అని లేచిపోతుంది. ఆ నమ్మకం నాకు ఈ ఊళ్లో మరో పేటలో కనబడలేదు.

2018లో ఒక రాత్రి మా అత్తయ్యగారికి ఊపిరి ఆడలేదు. ఆటో సందు మొదట్లోనే ఆగిపోయింది, రెండు పక్కలా కార్లు. ఎదురింటి అన్నదమ్ములు ఆవిడను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, చెరో పక్కా పట్టుకుని పరుగున మోసుకెళ్లారు. అక్కడి నుంచి కేజీహెచ్‌కి, అంటే పెద్దాసుపత్రికి, పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆవిడ బతికారు. అద్దెకు వచ్చేవారు ఆ కార్లనూ లెక్కలో వేసుకోండి, ఆ అన్నదమ్ములనూ వేసుకోండి.

అన్నిటికన్నా నేను చెప్పాలనుకున్నది అరుగు గురించి. మేము చేరినప్పుడు మా సందులో ప్రతి ఇంటికీ వీధివైపు అరుగు ఉండేది. మార్గశిర మాసంలో బుధవారం అర్ధరాత్రికే గురువారం దర్శనానికి జనం బారులు తీరతారు. ఈ అమ్మవారికి పైకప్పు లేదు. భక్తులు తమ చేత్తోనే పసుపు, కుంకుమ పెట్టి పూజ చేసుకుంటారు. అందుకే ఎంత దూరం నుంచైనా చెంబూ పసుపూ పట్టుకుని వస్తారు. చంకలో నిద్రపోయిన బిడ్డతో నిలబడలేక మా అరుగు మీద కూర్చున్న తల్లులు ఎందరో. అడగకముందే మంచినీళ్లు ఇవ్వడం పక్కింటి మామ్మగారిని చూసి నేర్చుకున్నాను. ఆవిడ మార్గశిరం వస్తే అరుగు మీద రెండు బిందెలు, మూతపెట్టి, ఒక గ్లాసుతో సహా తెల్లవార్లూ ఉంచేవారు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చి కరెంటు పోయింది, కుళాయిలు ఎండిపోయాయి. మామ్మగారి పెరట్లో నుయ్యి ఉండేది. వీధి వీధంతా ఆ ఇంట్లోంచే నీళ్లు తోడుకుంది. ఇంటికి రెండు బిందెలని, పసిపిల్లలున్న ఇంటికి మూడని ఆవిడే అరుగు మీద కూర్చుని పంచారు. ఒక్క గొడవ లేదు.

మామ్మగారు పోయాక ఆ ఇల్లు అమ్మేశారు. ఇప్పుడు అక్కడ ఐదంతస్తుల మేడ. నుయ్యి పూడ్చేశారు. అరుగు ఉన్నచోట షట్టరు, దాని వెనక కార్లు. అక్కడికి వచ్చినవారు మంచివాళ్లే, కానీ వారి పేర్లు నాకు తెలియవు, ఎక్కడా కూర్చుని మాట్లాడుకునే చోటు లేదు. పొద్దున అందరూ ఒకేసారి మోటార్లు వేస్తే మా కుళాయి సన్నగా కారుతుంది. మా ఇంటి నుంచి దర్గా కొండ, చర్చి ఉన్న రాస్ కొండ, వెంకటేశ్వరస్వామి కొండ మూడూ కనిపించేవి. ఇప్పుడు చర్చి ఒక్కటే, అదీ ఓరగా.

మిగతా ఇబ్బందులు చెప్పకుండా ఉండలేను. గాలి వాలును బట్టి నల్లటి దుమ్ము వచ్చి పడుతుంది. ఆరేసిన తెల్ల చొక్కా మీద వేలితో గీస్తే గీత కనబడుతుంది. ఉబ్బసం ఉన్నవారు ఆలోచించుకుని రండి. గట్టి వాన పడితే కాలువ నీరు గుమ్మం దాకా వస్తుంది. అద్దె మేము చేరినప్పుడు 1,800, ఇప్పుడు 9,000. కారు ఉన్నవారికి ఇక్కడ సుఖం లేదు. ముసలివాళ్లు, చిన్నపిల్లలు ఉన్న ఇంటికైతే ఇంతకన్నా మంచి చోటు నేను చూపించలేను.

మా ఇంటి యజమాని అబ్బాయి వచ్చే ఏడాది ఈ ఇల్లు కూడా బిల్డరుకు ఇస్తానంటున్నారు. కొత్త మేడలో ఒక ఫ్లాటు మీకే అద్దెకిస్తాను, ఉంటారా అని అడిగారు. కింద వీధివైపు ఒక అరుగు కట్టించండి, తప్పకుండా ఉంటాం అన్నాను. బిల్డరును అడిగి చెబుతానన్నారు.