ఫ్రాంక్‌ఫర్ట్ స్కూల్ ఆన్‌లైన్ కోర్సు: పాఠాలు ఓకే, ఆ బాణాల చార్ట్ మాత్రం వద్దు బాబోయ్

ఆరు వారాల రికార్డెడ్ కోర్సు, మొన్ననే అయిపోయింది. ఫ్రాంక్‌ఫర్ట్ స్కూల్ అంటే బడి కాదు, ఆధునిక సమాజాన్ని విమర్శించిన అడోర్నో, హోర్క్‌హైమర్ లాంటి జర్మన్ ఆలోచనాపరుల బృందం. మార్క్స్, సమాజశాస్త్రవేత్త వెబర్, ఫ్రాయిడ్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ వాళ్లకి ఏం వచ్చింది, వాళ్ల నుంచి తర్వాతి తరాల హేబర్‌మాస్, హోనెత్‌లకి ఏం వెళ్లింది, ఇదీ సబ్జెక్టు. మొదటి వీడియోలోనే ఓ పెద్ద చార్ట్ పెట్టారు, పేర్ల మధ్య బాణాలు, అచ్చం వంశవృక్షంలా ఉంది. అక్కడే మానేద్దామనుకున్నా గానీ ఆగా.

రెండో వారం హంగేరీ మార్క్సిస్టు లూకాచ్ పాఠం మాత్రం అదిరింది. సరుకు గురించి మార్క్స్ చెప్పిందీ, అన్నిటినీ లెక్కల్లో పెట్టే ఆధునిక హేతుబద్ధత గురించి వెబర్ చెప్పిందీ కలిపి 1923లో ఆయన వస్తూకరణ అనే ఐడియా, అంటే మనుషుల మధ్య సంబంధం వస్తువుల మధ్య సంబంధంలా కనపడటం, ఎలా కట్టాడో ఓపిగ్గా విప్పి చూపించారు. అడోర్నో, హోర్క్‌హైమర్ ఆ జబ్బు ఉందని ఒప్పుకున్నారు, మందు మాత్రం ఒప్పుకోలేదు, కార్మికవర్గం వచ్చి దీన్ని బద్దలు కొడుతుందన్న నమ్మకం వాళ్లకి మిగల్లేదు. లూకాచేమో 1962లో, అడోర్నో లాంటోళ్లు అగాధం అంచున ఉన్న గ్రాండ్ హోటల్‌లో సుఖంగా దిగారని ఎత్తిపొడిచాడు. ఇప్పుడు బాణం ఎటు గీయాలండీ?

ఫ్రాయిడ్ వారం హడావిడి, మార్క్స్‌నీ ఫ్రాయిడ్‌నీ కలిపి చూసిన ఎరిక్ ఫ్రామ్‌ని రెండు నిమిషాల్లో తేల్చేశారు.

ఫ్రెంచ్ తత్వవేత్త ఫూకో దగ్గరైతే చార్ట్ పూర్తిగా బోల్తా. అడోర్నో నుంచి ఫూకోకి ఓ లావుపాటి బాణం గీసి పెట్టారు, కానీ ఫ్రాంక్‌ఫర్ట్ వాళ్లని నేను చాలా లేటుగా చదివా, ముందే తెలిసుంటే బోలెడు పని తప్పేదని ఫూకోనే ఇంటర్వ్యూల్లో చెప్పాడు! ఆయన దారి జర్మన్ తత్వవేత్త నీషే, ఫ్రెంచ్ సైన్స్ తత్వవేత్త కాంగిలెమ్‌ల మీదుగా వచ్చింది. ఎవరి దారిన వాళ్లు నడిచి ఒకే చోటుకి దగ్గరగా రావడం, తర్వాత 1985లో హేబర్‌మాస్, అసలు ఏ ప్రమాణం మీద నిలబడి అధికారాన్ని విమర్శిస్తున్నాడు ఈ ఫూకో అని నిలదీయడం, అసలు మజా అంతా అక్కడే ఉంది, దాన్ని ఓ గీతతో సరిపెట్టేశారు.

హోనెత్ పాఠం బాగుంది, గుర్తింపు కోసం పోరాటం అనేదాన్ని తొలినాళ్ల హెగెల్ నుంచీ, అమెరికా తత్వవేత్త మీడ్ నుంచీ ఎలా లాగాడో స్పష్టంగా చెప్పారు.

ఇక ఆటో సబ్‌టైటిల్స్ గురించి చెప్పాలంటే రీయిఫికేషన్ (అదే, వస్తూకరణ) అన్న ప్రతిసారీ రామిఫికేషన్ అని పడుతుంది, నేను సగం వారం ఆ పదం పట్టుకునే నోట్స్ రాసుకున్నా. 5కి 3.5 ఇస్తున్నా, లూకాచ్ పాఠం లేకపోతే 2 కూడా ఇచ్చేవాణ్ణి కాదు.