వీపీఎన్ చాలా, జీరో ట్రస్ట్‌కి మారాలా: ఏది మేలు?

ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగులున్న చిన్న, మధ్యతరహా కంపెనీల వాళ్లు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఇది: "మా వీపీఎన్ బాగానే నడుస్తోంది. జీరో ట్రస్ట్‌కి మారమని అమ్మేవాళ్లు వెంటపడుతున్నారు. మారాలా?" వీపీఎన్ అంటే ఇంట్లోని కంప్యూటర్‌ని ఇంటర్నెట్ మీదుగా ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే రహస్య దారి. జీరో ట్రస్ట్ అంటే ఎవరినీ ముందే నమ్మకుండా, ప్రతిసారీ తనిఖీ చేసి ఒక్కో అప్లికేషన్‌కే అనుమతిచ్చే పద్ధతి. వేగం, ధర పోల్చే పట్టికలు నెట్‌లో బోలెడు దొరుకుతాయి. నేను మాత్రం ముందు ఒకటే చూస్తాను. ఒక ఉద్యోగి పాస్‌వర్డ్ దొంగ చేతిలో పడితే, వాడు లోపల ఎంత దూరం వెళ్లగలడు?

మామూలుగా అమర్చిన వీపీఎన్‌లో చాలా దూరమే వెళ్లగలడు. కనెక్ట్ అవగానే వాడి ల్యాప్‌టాప్‌కి ఆఫీసు నెట్‌వర్క్‌లో ఒక ఐపీ, అంటే లోపలి చిరునామా, వస్తుంది. జీతాల సర్వర్, ఫైల్ షేర్లు, ఎప్పుడో టెస్టింగ్ కోసం పెట్టి మరిచిపోయిన మెషీన్ అన్నీ స్కాన్‌కి దొరుకుతాయి. 2021 మేలో అమెరికాలోని కలోనియల్ పైప్‌లైన్ కంపెనీలోకి దుండగులు దూరింది వాడుకలో లేని ఒక పాత వీపీఎన్ ఖాతా గుండానే. దానికి పాస్‌వర్డ్ తప్ప రెండో తనిఖీ లేదు. రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే సాఫ్ట్‌వేర్) పట్టుకున్నది ఆఫీసు కంప్యూటర్లనే. అయినా అది పైపులను నడిపే వ్యవస్థల దాకా పాకుతుందేమోనన్న భయంతో కంపెనీ తానే ఇంధన సరఫరా ఆపేసింది. 75 బిట్‌కాయిన్లు కట్టింది. ఎంత దూరం పాకిందో తెలియకపోవడమే అక్కడ అంత నష్టం తెచ్చింది.

ఓటీపీ, ఫోన్‌లో అప్రూవల్ పెడితే సరిపోదా అంటారు. 2022 సెప్టెంబరులో ఊబర్ కాంట్రాక్టర్ ఒకరికి అప్రూవల్ అడుగుతూ వరసగా నోటిఫికేషన్లు వచ్చాయి. చివరికి ఆయన ఒకదాన్ని ఒప్పుకున్నారు. అక్కడి నుంచి చొరబాటుదారు మరికొందరు ఉద్యోగుల ఖాతాల్లోకి వెళ్లాడు. అదే ఏడాది ఇంటర్నెట్ భద్రతా కంపెనీ క్లౌడ్‌ఫ్లేర్ ఉద్యోగులు ముగ్గురు నకిలీ లాగిన్ పేజీలో పాస్‌వర్డ్ కొట్టారు, కానీ అక్కడ అందరికీ హార్డ్‌వేర్ కీలు (లాగిన్‌ని నిర్ధారించే చిన్న పరికరాలు) ఉండటంతో దొంగలు లోపలికి రాలేకపోయారు. కాబట్టి మీరు ఏ దారి ఎంచుకున్నా, పాస్‌వర్డ్ బదులు ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఉండే డిజిటల్ తాళాలైన పాస్‌కీలో, హార్డ్‌వేర్ కీలో ముందు పెట్టండి.

జీరో ట్రస్ట్ యాక్సెస్‌లో ఉద్యోగికి నెట్‌వర్క్ కనిపించదు, తనకు అనుమతి ఉన్న అప్లికేషన్ మాత్రమే తెరుచుకుంటుంది. అడిగేది ఎవరు, వాడుతున్న పరికరం కంపెనీదేనా, దానికి అప్‌డేట్లు ఉన్నాయా అని ప్రతిసారీ చూస్తారు. అకౌంట్స్‌లో పనిచేసే అమ్మాయి ఖాతా పోతే పోయేది అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ వరకే. 2009లో తమ మీద జరిగిన దాడి తర్వాత గూగుల్ బియాండ్‌కార్ప్ పేరుతో కట్టుకున్నది ఇలాంటి ఏర్పాటునే. ఆఫీసులో కూర్చున్నా కాఫీ షాపులో కూర్చున్నా ఉద్యోగికి ఒకే రకం తనిఖీ ఉంటుంది.

వీపీఎన్ కనెక్షన్లను అందుకునే పెట్టెతో ఇంకో చిక్కుంది. అది ఎప్పుడూ ఇంటర్నెట్‌కి ఎదురుగా నిలబడి ఉండాలి. 2024 జనవరిలో ఇవాంటి కంపెనీ వీపీఎన్ పరికరాల్లో లోపాలు బయటపడినప్పుడు, వాటిని రెండు రోజుల్లోగా నెట్‌వర్క్ నుంచి విడదీయమని అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా అక్కడి ప్రభుత్వ శాఖలను ఆదేశించింది. జీరో ట్రస్ట్ సేవల్లో చాలావాటిలో మీ సర్వర్ పక్కనున్న కనెక్టర్ అనే చిన్న ప్రోగ్రామ్ తానే బయటికి కనెక్ట్ అవుతుంది. మీ వైపు తెరిచి ఉంచాల్సిన పోర్టు, అంటే బయటివాళ్లు లోపలికి వచ్చే ద్వారం, ఉండదు.

వీపీఎన్‌ని తీసిపారేయలేం. వెబ్ కాని పాత సాఫ్ట్‌వేర్‌కి, రెండు బ్రాంచీలను కలపడానికి అదే సులువు. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ 2020 నుంచి లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్‌లోనే ఉంది, లైసెన్సు ఖర్చు లేదు. ఏ గ్రూపు ఏ సర్వర్‌కి వెళ్లాలో ఫైర్‌వాల్‌లో (నెట్‌వర్క్ రాకపోకలను అదుపు చేసే కాపలాలో) కచ్చితంగా రాస్తే నేను చెప్పిన ప్రమాదం సగం తగ్గుతుంది. ఆ నియమాలను ఏళ్ల తరబడి సరిచూసుకునే ఓపిక మాత్రం చాలా చోట్ల కనిపించదు. మనిషి ఉద్యోగం మానేస్తాడు, అతని కోసం రాసిన నియమం మిగిలిపోతుంది.

జీరో ట్రస్ట్‌కి మనిషికింతని నెలనెలా ఖర్చు ఉంటుంది. 50 మంది లోపు కంపెనీలకు క్లౌడ్‌ఫ్లేర్ ఉచిత ప్లాన్ ఇస్తోంది. అసలు భారం ఎవరికి ఏ అప్లికేషన్ కావాలో జాబితా రాసుకోవడమే. పైగా లాగిన్ సేవ మీదే అంతా ఆధారపడుతుంది గనక, దాని అడ్మిన్ ఖాతాలను ప్రాణంగా కాపాడుకోవాలి.

ఇంకో దారి వర్చువల్ డెస్క్‌టాప్: పనంతా సర్వర్ మీదే జరిగి, ఉద్యోగికి తెర మాత్రమే కనిపిస్తుంది. అది కాల్ సెంటర్లకు బాగుంటుంది, మిగతావాళ్లకు ఖర్చెక్కువ. టాలీ సర్వర్ కోసం రిమోట్ డెస్క్‌టాప్ (దూరం నుంచి కంప్యూటర్‌ని నడిపే సదుపాయం) పోర్టును నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచి ఉంచితే ఈరోజే మూసేయండి.

నా మొగ్గు జీరో ట్రస్ట్ వైపే, అయితే ఒక్కరోజులో అందరినీ మార్చక్కర్లేదు. ముందు బయటి ఆడిటర్లను, కాంట్రాక్టు మనుషులను వీపీఎన్ నుంచి తీసేయండి. వాళ్లకు కావాల్సింది ఒకటో రెండో అప్లికేషన్లు, వాళ్ల ల్యాప్‌టాప్‌ల మీద మీకు అదుపు ఉండదు. తర్వాత అకౌంట్స్, హెచ్‌ఆర్. సర్వర్లు చూసుకునే ఇద్దరు ముగ్గురికి వీపీఎన్ చివరిదాకా ఉంచినా ఫర్వాలేదు. ఏ దారైనా లాగ్‌లు (ఎవరు ఎప్పుడు ఏం వాడారన్న రికార్డులు) 180 రోజులు దాచాలన్న, భారత ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 నిబంధన వర్తిస్తుంది, సేవ కొనేముందే అన్నాళ్లు దాస్తారో లేదో అడగండి.