మిద్దె మీద పాలీహౌస్ కీరా: నాలుగేళ్ల తర్వాత నా మాట

అనంతపురం పాతూరులో మా మిద్దె మీద 2021 వానాకాలంలో 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవుతో జీఐ (జింకు పూత పూసిన ఇనుప) పైపుల ఫ్రేము వేయించి, పైన 200 మైక్రాన్ల పాలీ షీటు, అంటే వెలుతురు దూరే ప్లాస్టిక్ షీటు కప్పించి, కీరాకు పాలీహౌస్ కట్టించాను. వెల్డింగు, షీటు, తాళ్లు, డ్రిప్పు కిట్టు అన్నీ కలిపి 18 వేలు దాటింది. అమ్మ మెట్లెక్కి వచ్చి, చుట్టూ తిరిగి చూసి ఒక్క మాటే అంది: "ఏం నాయనా, మన ఊర్లో ఎండ చాల్లేదని దానికి మళ్లా కవరు కప్పినావా?"

ఆ మాట నాకు ఎక్కడానికి మార్చి దాకా పట్టింది. చలికాలమంతా తీగలు బాగానే ఎగబాకాయి. శివరాత్రి దాటగానే మధ్యాహ్నం లోపల థర్మామీటరు 45 చూపించింది. ఆకులు దొప్పల్లా ముడుచుకున్నాయి, పిందెలు పసుపు తిరిగి రాలాయి, నిలిచిన కాయలు తొడిమ దగ్గర నోట పెట్టలేనంత చేదు. మిగిలిన పని ఆషాఢం గాలి చేసింది. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా! ఒక రాత్రి షీటు మూల ఊడింది. తెల్లారి చూస్తే పక్కింటి నీళ్ల ట్యాంకుకు చుట్టుకుని పటపటలాడుతోంది.

రెండో ఏడు షీటు పీకేసి పైన 50 శాతం నీడనిచ్చే ఆకుపచ్చ షేడ్ నెట్టు, నాలుగు వైపులా 40 మెష్, అంటే అంగుళానికి 40 కళ్లుండే సన్నని పురుగుల వల కట్టాను. ఇప్పటికీ అదే ఉంది. మన జిల్లాలో ఇంటి మీద కీరా పెంచుకునేవాళ్లకు పాలీ షీటు డబ్బు దండగ. సెప్టెంబరులో విత్తుకుని ఒక పంట, డిసెంబరులో విత్తుకుని ఇంకో పంట. మార్చి దాటాక కీరా జోలికి పోవద్దు. నేను రెండుసార్లు పోయి రెండుసార్లూ ఆకు రసం పీల్చే ఎర్రనల్లి పురుగుకు వదిలేశాను.

విత్తనం విషయంలో కూడా మోసపోయాను, అది నా అజ్ఞానమే. మొదట మామూలు నాటు కీరా గింజలు పెట్టాను. పూలు విరగబూశాయి, కాయ లేదు. వల కట్టి తేనెటీగలను బయటే ఆపేసి కాయలు ఎక్కడ అని వెతికితే ఎట్లా? పొద్దున్నే మగపూలు తుంచి ఆడపూలకు ఒక్కొక్కదానికీ రుద్దుతూ కూర్చున్నాను. పాలీహౌస్ విత్తనమని విడిగా దొరుకుతుంది. దాని తీగకు దాదాపు అన్నీ ఆడపూలే, పుప్పొడి సోకకుండానే కాయ కడుతుంది, లోపల గట్టి గింజ ఉండదు. నేను కొన్నప్పుడు గింజ 7 రూపాయలు పడింది. ధర చూసి గుండె ఆగినంత పనైంది గానీ 8 గింజలు చాలు మా ఇంటికి. ఒకసారి వల తలుపు వారం రోజులు తెరిచి వదిలేస్తే తేనెటీగలు దూరి, కాయలన్నీ కింద ఉబ్బి సొరకాయ పిల్లల్లా వచ్చాయి.

పెంపకంలో ఎక్కువ చెప్పేదేం లేదు. కొబ్బరి పొట్టును మూడుసార్లు కడిగి, వర్మీకంపోస్టు, వేపపిండి కలిపి సంచులకు నింపుతాను. ఒకే కాండం తాడు మీద ఎక్కిస్తాను, పక్క కొమ్మలు గిల్లేస్తాను, కింది ఐదారు కణుపుల్లో వచ్చిన పిందెల్ని కనికరం లేకుండా తీసేస్తాను. నీళ్లు రోజుకు మూడుసార్లు కొంచెం కొంచెంగా. విత్తిన 40, 45 రోజులకు కోత మొదలవుతుంది. రోజు విడిచి రోజు కోయాలి. ఒక్క కాయ ఆకు చాటున కనబడక ముదిరిందా, పైనున్న పిందెలన్నీ ఆగిపోతాయి. బూడిద తెగులుకు పుల్లమజ్జిగ నీళ్లలో కలిపి కొడతాను. ముందే కొడితే ఆగుతుంది, ఆకు తెల్లబడ్డాక కొడితే మజ్జిగ వృథా.

అసలు తలనొప్పి కాయలు వచ్చాక మొదలైంది. 8 తీగలు ఊపులో ఉంటే రెండు రోజులకు మూడు కిలోలు తేలిగ్గా వస్తాయి. ఎంతమందికి పంచుతాం? ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టాను. నాలుగో రోజుకు తొక్క మీద నీటి మచ్చలు, బయటికి తీసిన గంటకే వేలు పెడితే దిగిపోయే మెత్తదనం. కీరాకు 10 నుంచి 13 డిగ్రీల మధ్య హాయి. 10 కంటే కిందికి పోతే చలిదెబ్బ తగులుతుంది, ఫ్రిజ్ ఏమో 4, 5 దగ్గర ఉంటుంది. పోనీ అని వంటింట్లో అరటిపండ్ల బుట్టలో వేస్తే మూడు రోజులకే పచ్చబడిపోయాయి, అంటే పసుపుపచ్చ. పండే పండ్ల నుంచి వచ్చే వాయువు దీనికి పడదు.

చివరికి దారి చూపించింది బాన. ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధనా సంస్థ ఇటుక గోడల మధ్య తడి ఇసుక పోసి కరెంటు లేని చల్లని గది ఒకటి రూపొందించింది. అదే సూత్రం నేను రెండు కుండలతో చేశాను. పెద్ద బానలో ఇసుక, దాని మధ్యలో చిన్న కుండ, పైన తడి గోనెపట్ట. పొద్దున, సాయంత్రం ఇసుకకు చెంబెడు నీళ్లు. గాలి పొడిగా ఉంటే నీరు ఆవిరై వేడిని లాక్కుపోతుంది, మన అనంతపురం గాలి కంటే పొడి గాలి ఎక్కడ దొరుకుతుంది? మార్చిలో బయట 38 ఉన్నప్పుడు కుండ లోపల 26 చూపించింది. బయట రెండో రోజుకే వడలిపోయే కాయ కుండలో ఆరేడు రోజులు పటుక్కున విరిగేంత గట్టిగా ఉంది. కడగకుండా, చిన్న తొడిమ ఉంచి కత్తెరతో కోసినవే పెట్టాలి. వానలు పట్టిన వారం మాత్రం బాన పెద్దగా పనిచేయదు.

ఏడాది వాడాక ఒక లోపం బయటపడింది. మా బోరు నీళ్లలో ఉప్పెక్కువ. బాన బయట తెల్లగా పొక్కు కట్టింది, గోరుతో గీస్తే సున్నంలా రాలింది. కుండ రంధ్రాలు పూడుకుపోయి, చల్లదనం సగానికి తగ్గింది. కొబ్బరి పీచుతో రుద్దితే కొంత తేలింది గానీ పూర్తిగా కాదు. ఇప్పుడు వాన నీళ్లు డ్రమ్ములో పట్టుకున్నంత కాలం అవే పోస్తున్నాను, బయటి బాన ఏడాదికొకటి మారుస్తున్నాను. లోపలి కుండకు ఏం కాలేదు.

నిలవ పచ్చళ్ల సంగతి కూడా చెప్పాలి. మా ఆవిడ దోసావకాయ లెక్కన కీరాతో పెట్టింది. రెండో రోజుకే జాడీలో ఆవపిండి మీద నీళ్లు తేలి, ముక్కలు తోలు చెప్పుల్లా ఉన్నాయి. పచ్చడికి మన పసుపు దోసకాయే. నేను ఉప్పు రాసి ఒరుగులు ఎండబెట్టాను. కిలో కాయకు గుప్పెడు కాగితం ముక్కలు మిగిలాయి, కాయంతా నీళ్లే మరి. వెనిగరులో ఉప్పు, మిరియాలు వేసి ఊరబెట్టిన సీసా ఒక్కటి నిలిచింది, దాన్ని పిల్లలు తప్ప ఎవరూ ముట్టలేదు.

పోయిన వారం గడియార స్తంభం దగ్గర ఈ ఏటి బాన బేరమాడుతుంటే, "నీళ్లకా సార్, బియ్యానికా?" అని అడిగింది కుండలమ్మ. కీరాకాయలకని చెబితే ఒక నిమిషం నన్ను చూసి, వేలితో కొట్టి మోగించి, మూతి దగ్గర పలచగా ఉన్నది ఏరి ఇచ్చింది. పలచనిదే బాగా చెమరుస్తుందట.