జాగ్రత్త: జాజ్ ఉత్సవం పాస్‌లు ఆ ‘రసికుడి’ దగ్గర కొనకండి

మిత్రులారా, ఇది నిన్న రాత్రి జరిగింది. కోపం ఇంకా చల్లారలేదు కనుక ఎక్కడైనా మాట తూలితే మన్నించండి. ఏటా జరిగే మన జాజ్, ఇంప్రొవైజ్డ్ (ముందుగా రాసుకోకుండా వేదిక మీదే అల్లే) సంగీతోత్సవానికి పాస్‌లు అయిపోయాక ఎవరిని అడగాలో మనలో అందరికీ తెలుసు కనుక, ఆ అమ్మకందారు ఎవరన్నది నేను విడమరచి చెప్పనక్కరలేదు, పేరు రాయబోవడమూ లేదు. ప్రతి సంవత్సరం ఉత్సవానికి పది రోజుల ముందు, ‘అనుకోని కారణాల వల్ల వెళ్లలేకపోతున్నాను’ అంటూ ఒకటో రెండో పాస్‌లు అమ్మజూపే పెద్దమనిషి ఆయనే. ఇన్నేళ్లుగా ప్రతి ఉత్సవానికీ ఒకే మనిషికి అనుకోని కారణాలు అంత క్రమం తప్పకుండా ఎలా వచ్చిపడుతున్నాయన్న ప్రశ్న నాకు నిన్న రాత్రి దాకా తట్టకపోవడమే నా తెలివితేటలకు నిదర్శనం.

నేపథ్యం క్లుప్తంగా చెబుతాను. మూడు రోజుల పాస్‌లు ఎప్పటిలాగే ముందే అమ్ముడైపోయాయి. నిర్వాహకులే నడిపే అధికారిక పునర్విక్రయ పేజీలో వరుసలో పేరు నమోదు చేసుకునే వీలున్నా, అక్కడ తీసుకునే చిన్నపాటి రుసుము దండగని, వంతు వచ్చేదాకా ఆగడం విసుగని నేను ఆ దారి వదిలేశాను. ఈయనను అడిగాను. అసలు ధరకే ఇస్తానన్నారు, పైసా కూడా ఎక్కువ అడగలేదు. నల్లబజారు వాళ్లు రెట్టింపు, మూడింతలు అడుగుతారు గనుక, అసలు ధరకే ఇచ్చేవాడు నిజాయితీపరుడే అయి ఉంటాడని నాకు నేనే ఒక సిద్ధాంతం అల్లుకున్నాను. చేతిలో లేని వస్తువును అమ్మేవాడికి ఏ ధరకు అమ్మినా లాభమేనన్న చిన్న లెక్క అప్పుడు తోచలేదు.

నన్ను పూర్తిగా పడగొట్టింది మాత్రం ధర కాదు, ఆయన సంగీత జ్ఞానం. బేరం నడుస్తుండగానే ఆయన అమెరికాలో జరిగిన 1956 నాటి న్యూపోర్ట్ జాజ్ ఉత్సవం గురించి, డ్యూక్ ఎల్లింగ్టన్ ఆర్కెస్ట్రాతో పాల్ గొన్సాల్వెస్ ఊపిరి సలపకుండా 27 కోరస్‌ల (పాట చట్రం ఒకసారి పూర్తిగా తిరిగితే ఒక కోరస్) పాటు వాయించిన శాక్సఫోన్ సోలో గురించి అరగంట మాట్లాడారు. జనం కుర్చీల్లోంచి లేచి ఊగిపోయిన తీరును ఆయన పక్కనే ఉండి చూసినట్టు వర్ణించారు. ఆ రాత్రి గొన్సాల్వెస్ పొరపాటున వేరే మైకు ముందు నిలబడి వాయించాడని, అందువల్ల తొలి రికార్డులో అతని వాద్యం దూరంగా వినిపించేదని కూడా ఆయనకు తెలుసు. ఇంత తెలిసినవాడు, ఈ సంగీతాన్ని ఇంతగా ప్రేమించేవాడు మోసం చేస్తాడా అనుకున్నాను. తప్పు మైకు ముందు నిలబడినవాడి కథ చెబుతూనే నన్ను తప్పు మనిషి ముందు నిలబెట్టారు.

ఆగవలసిన చోట్లు లేకపోలేదు. పాస్ మీద ఎవరిదో మూడో మనిషి పేరుంది. గేటు దగ్గర పేర్లు ఎవరూ చూడరన్నారు, నేను తలూపాను. డబ్బు కట్టక ముందు పంపిన బొమ్మలో క్యూఆర్ కోడ్‌ను మసకబరిచి ఉంచారు. ఎంత జాగ్రత్తపరుడో అని ముచ్చటపడ్డాను. చెల్లింపు కార్డుతో వద్దని, బంధుమిత్రులకు పంపినట్టుగా నేరుగా పంపితే ఇద్దరికీ రుసుము మిగులుతుందని అన్నారు. అలా పంపిన డబ్బును కొనుగోలు కింద లెక్కగట్టరని, అభ్యంతరం చెప్పుకునే హక్కు దానికి ఉండదని నాకు బాగా తెలిసి కూడా పంపాను. ఈ మూడింటిలో ఏ ఒక్కటి మరొకరు నాకు వచ్చి చెప్పినా, కొనవద్దని నేనే గంటసేపు ఉపన్యాసం ఇచ్చి ఉండేవాణ్ణి. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయన్న సామెతను నా కోసమే కట్టి ఉంచినట్టున్నారు.

ఇక నిన్నటి సంగతి. నేను ఆ పాస్ కొన్నది మూడు రోజుల కోసం కాదు, నిన్న రాత్రి కచేరీ ఒక్కదాని కోసం. అంతకు ముందు ఎన్నడూ కలిసి వాయించని ముగ్గురిని, అంటే ఒక బేస్ క్లారినెట్, ఒక డబుల్ బేస్, ఒక డ్రమ్స్ కళాకారులను, నిర్వాహకులు మొదటిసారి ఒకే వేదిక మీదకు తెచ్చారు. గిటార్ వాద్యకారుడు డెరెక్ బెయిలీ 1977 నుంచి లండన్‌లో తన ‘కంపెనీ’ వారోత్సవాల్లో చేసిన పని ఇలాంటిదే: పరిచయం ఉన్నవాళ్లనూ లేనివాళ్లనూ కలిపి, రాతగా ఏమీ ఇవ్వకుండా, వేదిక మీదే సంగీతం పుట్టనివ్వడం. ఇందులో రిహార్సల్ ఉండదు, పాటల జాబితా ఉండదు, మరుసటి రోజు అదే ముగ్గురు మళ్లీ కూర్చున్నా అదే సంగీతం రాదు. రాసి ఉన్న సంగీతమైతే ఇంకో ఊళ్లో, ఇంకో ఏడాది వినవచ్చు. ఇది పూర్తిగా మనోధర్మం మీద నడిచేది గనుక, ఆ గదిలో ఆ గంట లేనివాడికి అది లేనట్టే. ఈ సంగతి నాకన్నా ఆ అమ్మకందారుకు బాగా తెలుసు; ఇంత వివరంగా రాయడం అందుకే.

కచేరీకి ముప్పావు గంట ముందే వెళ్లి, పాస్ చూపించి రిస్ట్‌బ్యాండ్ తీసుకునే వరుసలో నిలబడ్డాను. నా వంతు వచ్చింది. స్కానర్ ఎర్ర దీపం వెలిగించి ఒక వికారమైన కూత కూసింది. గేటు దగ్గరి అమ్మాయి మళ్లీ స్కాన్ చేసింది, ఫోన్ తెర వెలుగు పెంచమంది, మూడోసారి చేసింది. తరువాత చాలా మర్యాదగా, ఈ పాస్‌కు ఆ రోజు పొద్దున 10 గంటల 20 నిమిషాలకే రిస్ట్‌బ్యాండ్ ఇచ్చేశామని చెప్పింది. ఏదో పొరపాటు జరిగి ఉంటుందని నేను వాదిస్తుండగా, నా వెనకనే నిలబడిన ఒక విద్యార్థిని మెల్లగా ముందుకు వంగి నా ఫోన్ వంక, తన ఫోన్ వంక మార్చి మార్చి చూసింది. ఆమె పాస్ మీదా అదే పేరు. అదే నంబరు. చివరి మూడంకెలు 417. అప్పటికే పక్కకు తప్పించి కూర్చోబెట్టిన ఒక పెద్దాయన కుర్చీలోంచి, ‘మీదీ నాలుగువందల పదిహేడేనా?’ అని అడిగారు. ఆ గొంతులో ఆశ్చర్యం లేదు, అలసట మాత్రమే ఉంది. త్రయాన్ని వినడానికి వచ్చి మేమే త్రయమయ్యాం. ముగ్గురికీ అంతకు ముందు పరిచయం లేదు, రిహార్సల్ లేదు. నిర్వాహకుడు మాత్రం ఒక్కడే.

గేటు సిబ్బంది తప్పేమీ లేదని మనస్ఫూర్తిగా చెబుతున్నాను. బొమ్మకు ఎన్ని నకళ్లయినా తీయవచ్చు గాని, యంత్రానికి మొదట చూపినదే అసలు, మిగిలినవన్నీ చిత్తు కాగితాలు. ఆ మొదటి మనిషి కూడా ఈయన దగ్గర కొన్నవాడే అయి ఉండవచ్చు, అదృష్టం కొద్దీ పెందలాడే లేచి వచ్చి ఉండవచ్చు.

అక్కడి నుంచే ఆయనకు ఫోన్ చేశాను. ఎత్తరనుకున్నాను, రెండో మోతకే ఎత్తారు. నేను ఆవేశపడకుండా జరిగినదంతా చెప్పి, నాతో పాటు ఇంకో ఇద్దరున్నారని కూడా చెప్పాను. ఆయన కంగారు పడలేదు. బుకాయించలేదు. క్షమించమన్న మాట పొరపాటున కూడా రాలేదు. కాసేపు ఊరుకుని, చిన్నగా నవ్వి, యథాతథంగా ఈ మాటలన్నారు: ‘కొలోన్‌లో జారెట్‌కు కోరిన పియానో దొరకలేదు కదండీ, అయినా దొరికినదానితోనే వాయించాడు కదా. మీరూ ఏదో ఒకటి ఇంప్రొవైజ్ చేసుకోండి.’ ఆ తరువాత ఫోన్ పెట్టేశారు. మళ్లీ చేస్తే మోగలేదు.

డబ్బు పోయిన బాధ కన్నా ఈ ఒక్క వాక్యం నన్ను రాత్రంతా నిద్ర పోనివ్వలేదు. 1975 జనవరి 24న జర్మనీలోని కొలోన్‌లో పియానో వాద్యకారుడు కీత్ జారెట్ ముందు పెట్టిన పియానో ఆయన అడిగినది కాదన్నది, అది చిన్నదీ సరిగా పలకనిదీ అన్నది, పలకని స్వరాలను తప్పించుకుంటూ, ఎడమ చేతితో ఒకే నడకను పదేపదే మోగిస్తూ ఆయన దాని నుంచే ఒక అద్భుతాన్ని రాబట్టాడన్నది మనందరికీ ప్రాణప్రదమైన కథ. ఆ కథను తీసుకొచ్చి ఒక మోసగాడు తన మోసానికి గొడుగు పట్టుకున్నాడు. నాకు వెంటనే జవాబు తోచలేదు. ఇలాంటి జవాబులు ఎప్పుడూ తెల్లవారుజాము మూడు గంటలకే తోస్తాయి. ఆయన చదువుతారన్న ఆశతో ఇక్కడ రాస్తున్నాను: అయ్యా, జారెట్‌కు చెడ్డదో చిన్నదో ఒక పియానో అంటూ వేదిక మీద ఉంది, నాకు తలుపే తెరుచుకోలేదు. పైగా, ఆ కచేరీ నిలబెట్టడానికి ఇంకా ఇరవై ఏళ్లు కూడా నిండని నిర్వాహకురాలు నానా తంటాలు పడింది. మీలాగా నవ్వి ఫోన్ పెట్టేయలేదు.

ఇంటికి వెళ్లిపోవలసింది. వెళ్లలేకపోయాను. ముగ్గురం భవనం పక్క గోడ దగ్గర నిలబడి విన్నాం, విన్నామనడానికి వీలుంటే. గోడలు పై స్థాయి ధ్వనులను ఆపేసి కింది స్థాయి వాటినే బయటికి వదులుతాయి గనుక, మాకు చేరినది డబుల్ బేస్ మూలుగు, డ్రమ్స్‌లో కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము దెబ్బ మాత్రమే. సింబల్స్ అనే కంచు పళ్లేల మోత లేదు. క్లారినెట్ అడుగు స్వరాలకు దిగినప్పుడు ఏదో జంతువు గుహలో కదిలినట్టు ఒక గుడగుడ వినిపించేది, పైకి ఎగిరిందో లేదో తెలిసేది కాదు. ఒక దశలో ఏమీ వినిపించలేదు. ఇలాంటి సంగీతంలో వాయించేవాళ్లకే ముగింపు ఎక్కడో ముందుగా తెలియదు; చివరి స్వరం తరువాత అందరూ ఊపిరి బిగబట్టి, అయిపోయిందా ఇంకా ఉందా అని ఒకరినొకరు చూసుకునే ఆ నిశ్శబ్దం కోసమే నేను ఏడాదంతా ఎదురుచూస్తాను. గోడ ఇవతల నిలబడ్డవాడికి అది నిశ్శబ్దమో, క్లారినెట్ ఒంటరిగా పై స్థాయిలో పాడుతున్న ఘట్టమో తెలిసే మార్గం లేదు. చప్పట్లు వినిపించాక మాత్రమే అది అయిపోయిందని మాకు తెలిసింది. కట్టిన డబ్బుకు నాకు దక్కినది అడుగు ధ్వనులు, చప్పట్లు.

జాజ్ వాద్యకారుడు ఎరిక్ డాల్ఫీ, తాను చనిపోయిన 1964లోనే, సంగీతం ముగిశాక గాలిలో కలిసిపోతుందని, దాన్ని మళ్లీ పట్టుకోలేమని అన్నాడు. ఈ అమ్మకందారూ ఆ మాటను నాకు ఒకసారి గద్గద స్వరంతో చెప్పారు. అది నా డబ్బుకు కూడా వర్తిస్తుందని అప్పుడు చెప్పి ఉంటే బాగుండేది.

ఈ రోజు పొద్దున ఆయన నుంచి ఒక సందేశం వచ్చింది, నేను బతిమాలుతాననుకున్నారో ఏమో. నిన్నటిదానికి బదులుగా రేపటి ముగింపు కచేరీకి పాస్ ఇస్తారట, కాస్త పైన వేసి ఇమ్మన్నారు. ఇంత జరిగాక కూడా ‘కాస్త పైన’ అనగలిగిన ఆ నిబ్బరం ముందు నేను చేతులెత్తేశాను. సందేశాలన్నీ దాచి పెట్టి, బ్యాంకుకు, ఉత్సవ నిర్వాహకులకు, పోలీసుల సైబర్ విభాగానికి ఫిర్యాదు పంపాను. డబ్బు తిరిగి వస్తుందన్న భ్రమ నాకు లేదు. మిగతా ఇద్దరూ కూడా అలాగే పంపారు గనుక, మూడు ఫిర్యాదుల్లో ఒకే నంబరు కనిపిస్తే ఎవరైనా ఒకసారి తలెత్తి చూస్తారేమోనన్న ఆశ మాత్రం ఉంది.

కొనేవాళ్లకు చెప్పవలసిన మాట కూడా ఉంది. నిర్వాహకుల పునర్విక్రయ పేజీ ఉంటే అక్కడే కొనండి. పాస్ బొమ్మను కాకుండా పాస్‌నే ఉత్సవం యాప్ ద్వారా మీ పేరుకు బదిలీ చేయించుకోండి, ఎందుకంటే అలా చేస్తే పాత కోడ్ చెల్లకుండా పోతుంది. నేరుగా డబ్బు పంపమనేవాడు ఎంత బాగా జాజ్ మాట్లాడినా వినండి, ఆనందించండి, కొనకండి.

రేపటి పాస్ ఇంకా ఎవరికో చూపిస్తున్నారని ఇప్పుడే తెలిసింది. బొమ్మలో ఈసారి నంబరు కూడా మసకబరిచారట. చివరి మూడంకెలు 417 అయితే అది నాది. కాదు, మా ముగ్గురిది.